కాలిఫోర్నియా కొండలలో మౌంటెన్ లయన్ ఎదురైతే: పిల్లలతో, పెద్దవాళ్ళతో నడిచేవారికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. సన్నీవేల్‌లో ఉంటున్నారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనూ ఏడేళ్ళ పాపతోనూ శని, ఆదివారాలలో ర్యాంచో శాన్ ఆంటోనియో కొండలకు వెళ్తున్నారు. అక్కడ మౌంటెన్ లయన్ (పిల్లి జాతికి చెందిన పెద్ద వేటజంతువు) హెచ్చరిక బోర్డు చూసిన దగ్గర నుంచి అమ్మగారు ఇక ఆ దారి వద్దంటున్నారు. పైగా జులైలో ఉత్తర కాలిఫోర్నియాలోని ట్రినిటీ ఆల్ప్స్ కొండలలో, ఫోన్ సిగ్నల్ అందని చోట, కొన్ని రాత్రులు గుడారాలు వేసుకుని ఉండాలనుకుంటున్నారు. అది ఎదురైతే ఏం చేయాలి, ఎలుగుబంట్ల కోసం అమ్మే స్ప్రే దీనికి పనికొస్తుందా, తిరుమల నడకదారిలో చిరుత చేసిన దాడుల వంటివి ఇక్కడ కూడా జరుగుతాయా అని అడిగారు. ఈ కొండలలో స్వచ్ఛందంగా నడక బృందాలను తీసుకెళ్తూ ఉండే మనిషిని కాబట్టి నాకు తెలిసిన మేరకు వివరంగా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. ఎదురైనప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారన్నదాని కంటే, ఆ క్షణంలో పాప మీ చేతికి ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యం. మిగిలిన జాగ్రత్తలన్నీ దాని తర్వాతే వస్తాయి.

ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. బోర్డుల మీద మౌంటెన్ లయన్ అని, వాషింగ్టన్ వైపు కూగర్ అని, పరిశోధకులు ప్యూమా అని రాసేది ఒకే జంతువు గురించి. రాయడానికి సులువని నేను ప్యూమా అంటాను. కాలిఫోర్నియాలో ఇవి నాలుగు వేల పైచిలుకు ఉంటాయని అంచనా. 1909 తర్వాత 1994 వరకు ఈ రాష్ట్రంలో ప్యూమా దాడి వల్ల మరణం నమోదు కాలేదు. 1994లో ఇద్దరు, 2004లో ఆరెంజ్ కౌంటీలో ఒకరు, మళ్ళీ ఇరవై ఏళ్ళ తర్వాత 2024 మార్చిలో ఎల్ డొరాడో కౌంటీలోని జార్జ్‌టౌన్ దగ్గర ఒక యువకుడు మరణించారు. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున ఉన్న గ్రిఫిత్ పార్కులో పీ-22 అని పేరుపడిన మగ ప్యూమా 2012 నుంచి 2022 దాకా, ఏటా లక్షల మంది తిరిగే కొండల మీదే బతికింది. కుక్కల మీద దాడి చేసిందే గాని మనుషుల జోలికి రాలేదు. ట్రినిటీ ఆల్ప్స్ ప్రయాణంలో నన్ను ముందుగా కంగారు పెట్టేవి ఘాట్ రోడ్డు మలుపులూ, మంచు కరిగి పారే వాగుల ఉరవడీ. ప్యూమా ఆ తర్వాతే గుర్తుకొస్తుంది. అంతమాత్రాన బోర్డును కొట్టిపారేయమని కాదు, ఎందుకంటే ఆ అరుదైన దాడులలో పెద్ద వాటా పిల్లలదే, వాటిలో కొన్ని మీ ఇంటికి అరగంట దూరంలోనే జరిగాయి.

2014 సెప్టెంబరులో కూపర్టినో పైన ఉన్న పిచెట్టి ర్యాంచ్ దగ్గర తల్లిదండ్రుల కంటే కొన్ని అడుగులు ముందు నడుస్తున్న ఆరేళ్ళ బాబును ప్యూమా పట్టుకుని పొదలలోకి లాగింది. తండ్రి, వెంట ఉన్న మరొకాయన అరుస్తూ దాని మీదికి పరుగెత్తడంతో వదిలేసి పారిపోయింది. 2020 ఫిబ్రవరిలో మీరు వెళ్ళే ర్యాంచో శాన్ ఆంటోనియోలోనే, పెద్దలూ పిల్లలూ కలిసి నడుస్తున్న గుంపులో ఆరేళ్ళ పాప మీదికి పొదల నుంచి వచ్చింది. పెద్దవాళ్ళలో ఒకరు దాన్ని బలంగా నెట్టివేయగానే వెళ్ళిపోయింది, పాప చిన్న గాయాలతో బయటపడింది. 2023 జనవరి చివర హాఫ్ మూన్ బే దక్షిణాన టునిటాస్ క్రీక్ రోడ్డు దగ్గర అమ్మతో, తాతతో నడకకు వచ్చిన ఐదేళ్ళ బాబు ముందుకు పరుగెత్తినప్పుడు దాడి జరిగింది. తల్లి నేరుగా దాని మీదికి ఉరకగా వదిలి పారిపోయింది. ఈ మూడు సంఘటనలలోనూ పిల్లలు ప్రాణాలతో బయటపడ్డారంటే, దగ్గరలో ఉన్న పెద్దవాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దాని మీదికి వెళ్ళడమే కారణం.

తిరుమలతో పోలిక అడిగారు గనుక ఇక్కడే చెబుతాను. చిరుత, ప్యూమా దగ్గరి చుట్టాలేమీ కావు. చిరుతది పులి, సింహాల జాతి, అది గర్జించగలదు; ప్యూమా గర్జించలేదు, పిల్లిలా గురగురలాడుతుంది, జత కోరే కాలంలో ఆడమనిషి కేకలా భయంకరంగా అరుస్తుంది. అయినా రెండూ పొంచి వేటాడేవే, రెండూ చిన్న ఆకారాన్నే ఎంచుకుంటాయి. 2023 జూన్‌లో అలిపిరి దారిలో చిరుత ఎత్తుకుపోయిన బాలుడు జనం కేకలు వేస్తూ వెంటపడడంతో బతికాడు. అదే ఏడాది ఆగస్టులో తల్లిదండ్రుల కంటే ముందు నడిచిన ఆరేళ్ళ పాప బతకలేదు. ఆ తర్వాత దేవస్థానం వారు పదిహేనేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తర్వాత నడకదారిలోకి అనుమతించకపోవడం, భక్తులను గుంపులుగా పంపడం, చేతికి కర్ర ఇవ్వడం మీకు తెలిసే ఉంటుంది. చేతికర్ర గురించి అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. నేను మాత్రం నవ్వను, ఎందుకో కింద చెబుతాను.

ప్యూమా వేట పద్ధతి తెలిస్తే పాటించవలసిన జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే బోధపడతాయి. దాని ప్రధాన ఆహారం జింక. కాలిఫోర్నియాలో మగది సుమారు 60 నుంచి 70 కిలోలు, ఆడది 30 నుంచి 40 కిలోలు తూగుతుంది. అది జింకను మైళ్ళ కొద్దీ తరమదు; పొదల చాటున నేలకు కరుచుకుని, అడుగులో అడుగు వేస్తూ దగ్గరికి చేరి, చివరి కొద్ది గజాలు మాత్రం ఒక్క ఉదుటున దూకి మెడ వెనుక కరుస్తుంది. ఆ దూకుడు విఫలమైతే ఎక్కువసార్లు అక్కడితో వదిలేస్తుంది. జింక కొమ్ము ఒక్కటి తగిలినా, కాలు విరిగినా ఆకలితో చావవలసిందే కాబట్టి, తన కంట పడిన ప్రాణి ఎదురు తిరిగేలా ఉంటే వెనక్కి తగ్గడం దానికి పిరికితనం కాదు, బతుకుతెరువు. అందువల్ల వీపు చూపడం, పరుగెత్తడం, వంగడం, కూర్చోవడం, ఒంటరిగా ముందు పోవడం వంటివన్నీ దానికి వేట గుర్తులు. నిలబడి, తల ఎత్తి, కళ్ళలోకి చూస్తూ మాట్లాడే మనిషి వేట కాదు.

మనిషి గొంతంటే దానికి సహజంగా భయమే. మీ ఇంటి వెనుక కనిపించే శాంటా క్రూజ్ కొండలలోనే పరిశోధకులు, ప్యూమా చంపి దాచుకున్న జింక కళేబరాల దగ్గర స్పీకర్లు పెట్టి, ఒకసారి కప్పల బెకబెకలు, మరొకసారి రేడియోలో మనుషులు మాట్లాడే మాటలు వినిపించారు. కప్పల అరుపును ప్యూమాలు పట్టించుకోలేదు. మనిషి మాట వినగానే చాలాసార్లు తిండి వదిలి పారిపోయాయి. కాబట్టి మీ నాన్నగారు నడుస్తూ రాజకీయాలు మాట్లాడితే మాట్లాడనివ్వండి, అది మంచి రక్షణ. చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి దారిన వారు నడవడమే వద్దు.

ఇప్పుడు నిజంగా కనిపించిందనుకుందాం. అది ఏం చేస్తోందన్నది చూడాలి. దూరాన దారి దాటి పోతుంటే, లేదా యాభై గజాల అవతల కూర్చుని చెవులు నిక్కించి మీవైపు కుతూహలంగా చూస్తుంటే, అది మిమ్మల్ని గమనించింది, మీకూ కనిపించడానికి వెనుకాడలేదు. వేటాడదలచిన ప్యూమా సాధారణంగా కనిపించదు. అప్పుడు పిల్లలను దగ్గరికి తీసుకుని, అందరూ ఒకచోట చేరి, దాని మీద నుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా వెనక్కి నడిస్తే చాలు. దానికి పారిపోయే దారి వదలాలి; వాగుకూ మీకూ మధ్య, లేదా కొండ అంచుకూ మీకూ మధ్య అది ఇరుక్కోకూడదు. అలా కాక ఒళ్ళు నేలకు ఆనించి, చూపు మీ మీదే నిలిపి, తోక కొస ఆడిస్తూ, వెనుక కాళ్ళు అదుముకుంటూ దగ్గరికి వస్తుంటే అది దూకడానికి సిద్ధమవుతోందని గుర్తు. ఇక అప్పుడు వెనక్కి తగ్గడం చాలదు. గొంతెత్తి అరవాలి, చేతులు పైకెత్తాలి, జాకెట్ విప్పి తల మీదుగా చాచి పట్టుకోవాలి, రాళ్ళు, కర్రలు, నీళ్ళ సీసా ఏది చేతికందితే అది విసరాలి. మొదటి రాయి దాని ముందు నేలకు తగిలేలా వేస్తే చాలునని కొందరంటారు. అది ఇంకా దగ్గరికి వస్తుంటే మాత్రం దానికే తగలాలి.

ఈ రెండింటికీ మధ్య మూడో పరిస్థితి ఒకటి ఉంది, దాన్ని చాలామంది వేటగా పొరబడతారు. 2020 అక్టోబరులో యూటాలోని ప్రోవో దగ్గర స్లేట్ కాన్యన్‌లో పరుగుకు వెళ్ళిన ఒక యువకుడు దారిలో ఏదో జంతువు పిల్లలను చూసి ఫోన్‌లో వీడియో తీయబోయాడు. అవి ప్యూమా కూనలు, తల్లి పక్కనే ఉంది. తర్వాత ఆరు నిమిషాల పాటు ఆ తల్లి అతని వెంటే వచ్చిన వీడియోను మీరూ చూసే ఉంటారు. జాగ్రత్తగా చూడండి: అది పొంచి రావడం లేదు, దారి మధ్యలో నిటారుగా నడుస్తోంది, మధ్యమధ్య ముందు పంజాలు రెండూ నేలకేసి కొట్టి, కోరలు చూపించి, బుస కొట్టి ఆగిపోతోంది. అది పిల్లల నుంచి మనిషిని సాగనంపే పద్ధతి. ఆ యువకుడు పరుగెత్తకుండా, ఆపకుండా మాట్లాడుతూ, ముఖం దానివైపే ఉంచి వెనక్కి నడిచాడు. చివరికి ఒక రాయి తీసి విసరగానే అది గిరుక్కున తిరిగి పిల్లల దగ్గరికి పరుగు తీసింది. అతను చేసినది దాదాపు అంతా సరైనదే, కూనలను చూసి ఫోన్ తీయడం తప్ప. అడవిలో తల్లి కనిపించని పిల్లలను చూసినప్పుడు, అవి ఏ జంతువు పిల్లలైనా, వచ్చిన దారినే తిరగాలి.

పాపను ఎత్తుకోవడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తడబడేది అక్కడే. వంగి ఎత్తుకుంటే మీరూ చిన్నగా కనిపిస్తారు, మీ మెడ దానికి కనిపిస్తుంది. చూపు ప్యూమా మీదే ఉంచి, నడుము వంచకుండా మోకాళ్ళు మాత్రం కొద్దిగా మడిచి, ఒక చేత్తో పాప చంక కింద పట్టి పైకి లాగాలి. ఏడేళ్ళ పిల్ల బరువు కాబట్టి అది అందరి వల్లా కాదు. కాకపోతే పాపను మీ వెనుకకు కాదు, పెద్దవాళ్ళ మధ్యకు లాగి భుజం గట్టిగా పట్టుకోండి. వెనుక ఉన్న పిల్ల భయంతో పరుగు తీస్తే మీకు కనిపించదు. ఇంట్లో హాలులో దీన్ని ఆటలా రెండుమూడుసార్లు చేయించండి: మీరు "ఆగు" అనగానే పాప ఉన్నచోటే ఆగిపోయి మీ చేయి పట్టుకోవాలి. దారిలో పాప ఎప్పుడూ పెద్దవాళ్ళ మధ్య నడవాలి. ముందు ఒకరు, వెనుక ఒకరు. మలుపు తిరిగి కనిపించకుండా పోవడం అనేది ఉండకూడదు.

అయినా మీద పడితే పోరాడడమే. చచ్చినట్టు పడుకోవడం గ్రిజ్లీ ఎలుగుబంటి విషయంలో చెప్పే మాట, కాలిఫోర్నియాలో అవి లేవు. ప్యూమా ముందు పడుకోవడమంటే దాని పని సులువు చేయడమే. చెట్టెక్కినా లాభం లేదు, అది మనకంటే బాగా ఎక్కుతుంది. 2007 జనవరిలో ప్రెయిరీ క్రీక్ రెడ్‌వుడ్స్ పార్కులో డెబ్బై ఏళ్ళ ఒక పెద్దాయన తలను ప్యూమా కరిచి పట్టుకుంది. అరవై అయిదేళ్ళ భార్య దగ్గరలో దొరికిన దుంగతో దాన్ని కొట్టింది; వదలలేదు. జేబులో పెన్ను ఉంది, దానితో కంట్లో పొడవమని ఆయనే చెప్పాడు. పొడిస్తే పెన్ను వంగిపోయింది. ఆమె మళ్ళీ దుంగ అందుకుని కొసతో మూతి మీద పొడిచింది. అప్పుడు వదిలి, చెవులు వెనక్కి వాల్చి, ఆమెనే చూస్తూ నిలబడింది. ఆమె దుంగ ఊపుతూ అరుస్తూనే ఉంటే కాసేపటికి వెళ్ళిపోయింది. ఆయన బతికాడు. చేతికర్రను చూసి నేను నవ్వనిది అందుకే: మీ అమ్మానాన్నలకు ట్రెకింగ్ కర్రలు కొనిపెట్టండి, మోకాళ్ళకూ మంచిది, అవసరమైతే ఆయుధం కూడా. దెబ్బ ముఖం మీద, కళ్ళ మీద, ముక్కు మీద పడాలి. దాడికి గురైన మనిషి రెండు చేతులతో మెడను కాపాడుకుంటూ వీలైనంత వరకు లేచి నిలబడాలి.

ఈ సలహాలు మంత్రాలు కావని కూడా చెప్పడం నా బాధ్యత. 2018 మేలో వాషింగ్టన్ రాష్ట్రంలో నార్త్ బెండ్ దగ్గర ఇద్దరు సైక్లిస్టులు ప్యూమా వెంటపడితే ఆగి, అరిచి, సైకిల్‌తో కొట్టి తరిమారు. అది వెళ్ళిపోయింది. వాళ్ళు ఊపిరి తీసుకుంటూ అక్కడే నిలబడి ఉండగా తిరిగివచ్చి ఒకరి తల పట్టుకుంది. రెండో అతను పరుగు తీయగానే మొదటి అతన్ని వదిలి అతని వెంటపడి చంపింది. భయంతో పరుగెత్తిన మనిషిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, కానీ నేర్చుకోవలసినవి రెండున్నాయి. తరిమేశాక అక్కడ నిలబడకూడదు. అందరూ కలిసి, ఒకరు వెనక్కి చూస్తూ, ఆ చోటు విడిచి వెళ్ళాలి. గుంపు విడిపోకూడదు. 2024 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో ఫాల్ సిటీ దగ్గర ఐదుగురు మహిళా సైక్లిస్టులలో ఒకామె దవడను ప్యూమా పట్టుకుంటే మిగతా నలుగురూ వదిలిపోలేదు; రాళ్ళతో, కర్రలతో కొట్టి విడిపించి, సైకిల్ దాని మీద పడేసి అదిమిపట్టి, అధికారి వచ్చేదాకా లేవనివ్వలేదు.

స్ప్రే పనిచేస్తుంది. ఎలుగుబంటి స్ప్రేలోని మిరప ఘాటు ప్యూమా కళ్ళకూ ముక్కుకూ అంతే మంటగా ఉంటుంది. అయితే దాని పరిధి కొద్ది గజాలే, గాలి మీవైపు వీస్తే మంట మీకే. అది సంచి అడుగున కాక నడుము బెల్టుకో, భుజం పట్టీకో ఉండాలి. సేఫ్టీ క్లిప్ తీయడం చీకట్లో కూడా చేతికి అలవాటై ఉండాలి. యోసెమిటీ, సెక్వోయా, కింగ్స్ కాన్యన్ పార్కులలో దీన్ని అనుమతించరు. విమానంలో చేతి సంచిలోనూ చెకిన్ సామానులోనూ కూడా కుదరదు. ట్రినిటీ ఆల్ప్స్‌కు కారులోనే వెళ్తారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. ఒక్క డబ్బా చాలు, అది ఎవరి దగ్గర ఉంటుందో ముందే నిర్ణయించుకోండి, పాప చేతికి మాత్రం అందనివ్వకండి.

గుడారాల దగ్గర చూసుకోవలసినవి వేరు. ప్యూమా ఎక్కువగా తిరిగేది మునిమాపు వేళ నుంచి వేకువ వరకు. చీకటి పడే వేళకు వాగు దగ్గర నీళ్ళు పట్టడం, గిన్నెలు తోమడం, బహిర్భూమికి వెళ్ళడం ఒంటరిగా వద్దు. ఇవన్నీ వంగో కూర్చునో చేసే పనులే. ఇద్దరు వెళ్ళాలి, ఒకరు నిలబడి లైటుతో చుట్టూ చూడాలి. జింకలు మేసే పచ్చిక అంచున, దట్టమైన పొదలను ఆనుకుని గుడారం వేయకండి. కుక్కను తీసుకెళ్తే పట్టీ విప్పకండి. అది ప్యూమాను రెచ్చగొట్టి, దాన్ని వెంటబెట్టుకుని మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది.

దారిలో ఒక గుర్తు మాత్రం తప్పక తెలిసి ఉండాలి. ప్యూమా ఒక్క పూటలో జింకను తినలేదు. మిగిలినదాన్ని ఈడ్చుకెళ్ళి ఆకులు, మట్టి, పుల్లలతో కప్పి, కొన్ని రోజుల పాటు వచ్చి తింటుంది. దారి పక్కన ఎండుటాకులు చుట్టూ గీరి కుప్పగా పోసినట్టుండి, అందులోంచి గిట్టో, వెంట్రుకలో కనిపించి, కుళ్ళు వాసన వస్తుంటే, యజమాని దగ్గరలోనే ఉందనుకోండి. ఫోటో తీయడానికి దగ్గరికి పోకండి, ఆ దాపున గుడారం వేయకండి. అడుగుజాడల విషయానికొస్తే, సుమారు మూడు, మూడున్నర అంగుళాల వెడల్పుతో గుండ్రంగా, గోళ్ళ గుర్తులు లేకుండా, అరికాలి మెత్తటి భాగపు వెనుక అంచు మూడు వంపులుగా ఉంటే ప్యూమా; గోళ్ళ గుర్తులు స్పష్టంగా పడితే చాలావరకు కుక్క లేదా కొయోటీ (నక్కలాంటి జంతువు). ఇక్కడ జనం ప్యూమా అని కంగారుపడేవాటిలో చాలా భాగం బాబ్‌క్యాట్లే, అంటే చిన్న అడవిపిల్లులే. తోక చూడండి: బాబ్‌క్యాట్‌కు జానెడు కూడా ఉండదు, ప్యూమాకు దాదాపు నేలను తాకేంత పొడవుగా, కొస నల్లగా ఉంటుంది.

కనిపించినదల్లా ఫిర్యాదు చేయనక్కరలేదు. దూరాన దారి దాటిపోయిన ప్యూమా గురించి పార్కు సిబ్బందికి చెబితే చాలు. వెంటపడినా, పగటిపూట జనం ఉన్నచోట బెదరకుండా తిరుగుతున్నా రాష్ట్ర వన్యప్రాణి శాఖకు తెలపాలి, అత్యవసరమైతే 911. చెబితే దాన్ని చంపేస్తారేమోనని మీ అమ్మగారి వంటి జాలిగుండె వాళ్ళు వెనుకాడతారు. 2012లో హాఫ్ మూన్ బేలో ఇళ్ళ మధ్యకు వచ్చిన రెండు కూనలను కాల్చి చంపాక వచ్చిన విమర్శల ఫలితంగా, మరుసటి ఏడాది చట్టం మార్చారు. ప్రాణాపాయం తక్షణంగా లేనప్పుడు ముందు చంపకుండా తరిమే, పట్టుకునే పద్ధతులనే వాడాలి.

గాయమైతే, అది చిన్న గీరు అయినా సరే, సబ్బు నీళ్ళతో చాలాసేపు కడిగి, రక్తం కారుతున్నచోట గట్టిగా అదిమి, అదే రోజు ఆసుపత్రికి చేరాలి. పిల్లి జాతి కాటు లోతుగా దిగి లోపల చీము పడుతుంది, అందుకు యాంటీబయాటిక్ కావాలి. రేబిస్ అరుదే గాని లేకపోలేదు: 1909లో శాన్ హోసేకు దక్షిణాన మోర్గన్ హిల్ దగ్గర ప్యూమా దాడిలో గాయపడిన ఒక మహిళ, ఒక బాలుడు ఆ గాయాలతో వెంటనే కాక తర్వాతి వారాలలో మరణించారు, ఆ జంతువుకు రేబిస్ ఉండింది. ట్రినిటీ ఆల్ప్స్ నుంచి బయటికి రావడానికే సగం రోజు పట్టవచ్చు కాబట్టి, ఉపగ్రహం ద్వారా సందేశం పంపగల పరికరం ఒకటి అద్దెకైనా తీసుకుని వెళ్ళండి, మీరు ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో రేంజర్ స్టేషన్‌లో పర్మిట్ తీసుకునేటప్పుడు రాసి ఇవ్వండి. గాయపడినప్పుడు ఒంటి మీద ఉన్న బట్టలను ఉతకకుండా కాగితపు సంచిలో వేసి అధికారులకు అప్పగించాలి. దాడి చేసిన ప్యూమా ఏదో వాటి మీద మిగిలిన లాలాజలంలోని డీఎన్ఏ ద్వారానే పోల్చుకుంటారు, అది తేలకపోతే ఏ పాపం ఎరుగని మరో ప్యూమా ప్రాణం పోయే అవకాశం ఉంటుంది.